మైపాడులో గాలం వేయాలంటే ముందు క్యాలెండర్ చూడండి: కడప నుంచి పోయేవాళ్లకు

మైలవరం డ్యామ్‌లో గాలం వేసి అలవాటైన ధైర్యంతో మొదటిసారి నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌కు పోయాను. ఆరు గంటలు కూర్చున్నా సంచిలో ఒక్క చేప పడలేదు. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన నవ్వి, "ఈరోజు అష్టమి అబ్బయా. నీళ్లు కదలకుంటే చేపెట్ట కదుల్తాది?" అన్నాడు. డ్యామ్‌లో నీళ్లు కదలాలంటే గేట్లు ఎత్తాలి, లేదా గాలి తోలాలి. సముద్రంలో ఆ పని చంద్రుడు చేస్తాడు.

కాబట్టి ముందు తిథి చూసుకోండి. అమావాస్య, పౌర్ణమి, వాటి తర్వాతి ఒకట్రెండు రోజులు పోటు బాగా ఎక్కుతుంది, ఆటుకు నీళ్లు బాగా తీస్తాయి. అష్టమి అటూఇటూగా రెండూ మందంగా ఉంటాయి. నెల్లూరు తీరంలో పోటుకీ ఆటుకీ తేడా పెద్ద పోట్లప్పుడు కూడా సుమారు మీటరే. మీటరంటే ఎంతలే అనుకోకండి, ఏటవాలు ఇసుక మీద ఆ మీటరుకే ఒడ్డు చాలా అడుగులు జరుగుతుంది.

తర్వాత టైము. సముద్ర సమాచారం ఇచ్చే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ వెబ్‌సైట్‌లో ఆటుపోట్ల సమయాలు దొరుకుతాయి. ఒక్క రోజుది తెలిస్తే మిగతావి మీరే లెక్కేసుకోవచ్చు. ఈరోజు ఉదయం 6 గంటలకు నిండుపోటు ఉంటే, సాయంత్రం 6.25 ప్రాంతంలో మళ్లీ పోటు వస్తుంది. రేపు ఉదయం సుమారు 6.50కి. అంటే రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నా అనుభవంలో నిండుపోటుకు ముందు రెండు గంటలు, తర్వాత ఒకటిన్నర గంట బాగుంటాయి. పూర్తిగా ఆగిన నీళ్లలో గాలం వేయడం కంటే టీ తాగి రావడం మేలు.

అసలు కిటుకు ఇంకోటుంది. ఆటు సమయానికే బీచ్ చేరండి. నీళ్లు తీసినప్పుడు ఇసుకలో గుంతలు, దిబ్బలు బయటపడతాయి. ఒడ్డున ఏ పడవకు ఎదురుగా గుంత ఉందో గుర్తు పెట్టుకోండి. పోటు ఎక్కాక చేప మేతకు వచ్చేది ఆ గుంతలోకే. అలలు తెల్లగా విరిగేచోట దిబ్బ, విరగకుండా ముదురు రంగులో ఉండేచోట లోతు. ఆ ప్రశాంతంగా కనిపించే చోటే నీళ్లు మనిషిని లోపలికి లాగేయొచ్చు. అక్కడ గాలం దిగాలి, మీరు కాదు.

ఇక గాలి. తెల్లవారుజామున నేల వైపు నుంచి వీస్తుంది కాబట్టి అలలు కాస్త నెమ్మదిస్తాయి. పొద్దెక్కాక సముద్రపు గాలి ఎదురుగా మొదలవుతుంది, విసిరిన గాలం దూరం పోదు. దారం చూస్తూ ఉండండి. ఎదురుగా వేసిన దారం కాసేపటికి ఒడ్డు వెంబడి పక్కకు పోయిందంటే, అడ్డ ప్రవాహానికి సీసం గుండు దొర్లుతోందన్నమాట. ఇంకాస్త బరువైనది కట్టండి.

వానాకాలం సంగతి మన కడపోళ్లకే బాగా అర్థమవుతుంది. మైపాడుకు ఉత్తరాన సముద్రంలో కలిసేది మన పెన్నే. సోమశిల గేట్లు ఎత్తారని వార్త వస్తే, కొన్నాళ్లు ఆ ముఖద్వారం దగ్గర ఎర్రటి మంచినీళ్లే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల భయం కూడా ఉంటుంది. వేటకు పోవద్దని హెచ్చరిక వచ్చిన రోజు ఒడ్డున కూడా నిలబడొద్దు. జనవరి నుంచి మార్చి దాకా నీళ్లు తేరుకుంటాయి, ఆటు తీసేటప్పుడు ముఖద్వారం దగ్గర పండుగప్ప కోసం రొయ్య ఎర వేయొచ్చు.

బురదనీళ్లలో పోయారా, ఎక్కువగా తగిలేది జెల్ల చేపే. అది వాసన పట్టుకుని వస్తుంది. చేత్తో పట్టుకోవద్దు, కటింగ్ ప్లేయర్‌తో గాలం తీయండి. వీపు మీద ఒకటి, చెరో పక్క ఒకటి విషపు ముళ్లుంటాయి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెట్టి, ఆస్పత్రికి పోండి.