బడి ఆవరణలో పాత టైర్లు: ఇంటర్వెల్‌లో తోపులాట ఎలా తగ్గింది

ఒడిశాలో పర్లాకిమిడి వైపు మా ప్రాథమిక బడికి ఆవరణ బాగానే ఉంది. కానీ మధ్యలో బంతి ఆట మొదలైతే అంతా పెద్దపిల్లలదే. ఒకటి, రెండు తరగతులవాళ్ళు గోడకి అతుక్కునేవారు. బంతిని ఒక మూలకి పంపి హద్దు పెట్టాం. సున్నం గీత ఒక్క వానకే పోతుంది. ఇటుకలు నేలమట్టానికి పాతితే నిలుస్తుంది; అంచు పైకి లేస్తే మాత్రం కాళ్ళు తగిలి పడతారు.

అసలు మార్పు పాత టైర్లతో వచ్చింది. దొర్లించడానికి స్కూటరు టైర్లు, ఎక్కి దూకడానికి జీపువి. జీపు టైరుని నిలువుగా సగం వరకు పాతి, లోపలి బోలులో కూడా మట్టి కూరి దిమ్మిసా కొట్టాలి. పావువంతే పాతితే పిల్లలు ఊపి ఊపి పెకలించేస్తారు. దొర్లించే టైర్లకి చుట్టూ అరంగుళం బెజ్జాలు తప్పనిసరి: వాననీళ్ళు నిలిస్తే దోమలు, డెంగ్యూ భయం. తీగ బయటపడ్డ టైరు ఊరికే ఇచ్చినా వద్దు, చెయ్యి కోస్తుంది.

దూకేచోట జానెడు లోతు ఇసుక పోసి, వారానికోసారి తిరగెయ్యాలి. లేకపోతే గట్టిపడుతుంది, గాజుపెంకులూ కనబడవు. టైర్లు చెట్టు నీడలోనే పాతండి. ఎండలో నల్ల రబ్బరు కాలిపోతుంది.

బిళ్ళంగోడు ఆటని చిన్నపిల్లలకి దూరంగా, గోడవైపు కొట్టేలా పెట్టాం. కంటికి ప్రమాదం. ఒడియా ఆడపిల్లలు గొంతుక్కూర్చుని కాళ్ళు మార్చి మార్చి గెంతే పుచి ఆటకి ఏ సరంజామా అక్కర్లేదు, చదునైన గచ్చు చాలు. మన పిల్లలూ ఇట్టే నేర్చేసుకున్నారు.