కంప్యూటర్ గడియారం – 3వ పాఠం: నడకను కొలిచి సరిచేయడం

పోయిన పాఠంలో సిస్టమ్ గడియారాన్ని ఎన్‌టీపీ సర్వర్‌తో, అంటే నెట్ ద్వారా సరైన టైము చెప్పే కంప్యూటర్‌తో సరిపెట్టాం. దాంతో టైము సరైందే కానీ గడియారం నడక మారలేదు. మదర్‌బోర్డు మీది క్వార్ట్జ్ స్ఫటికం మళ్లీ తన వేగంతోనే పోతుంది. రేపు ఇదే వేళకు ఒకటి రెండు సెకన్ల తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. ఇవాళ ఆ నడక సంగతి చూద్దాం, లైనక్స్‌లో.

నడకలోని తప్పును పీపీఎంలో లెక్కేస్తారు, అంటే పది లక్షల్లో ఎన్ని వంతులని. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 1 పీపీఎం అంటే రోజుకు 0.0864 సెకను.

ముందు ఆటోమేటిక్ సింక్ ఆపేయండి. వెనకాల క్రోనీ (టైమును తనంతట తానే సరిచేసే ప్రోగ్రామ్) నడుస్తూనే ఉంటే మీరు కొలిచేది స్ఫటికాన్ని కాదు, క్రోనీ పనితనాన్ని! తర్వాత గడియారం వేగాన్ని సవరించే అడ్జ్‌టైమెక్స్ (adjtimex) కమాండ్‌తో ఫ్రీక్వెన్సీని, అంటే ఆ సవరణ విలువను 0 చేసి, సర్వర్‌ను టైము అడిగే ఎన్‌టీపీడేట్‌ను క్యూ ఆప్షన్‌తో (ntpdate -q) నడపండి. అది గడియారాన్ని కదపకుండా తేడా ఒక్కటే చూపిస్తుంది. ఆ తేడా, అప్పటి టైము రాసిపెట్టుకోండి. ప్లస్‌లో ఉంటే మన గడియారం వెనకబడిందని అర్థం.

ఎంతసేపు ఆగాలి? నా మాట వింటే పూర్తిగా ఒక రోజు. నెట్ ఆలస్యం వల్ల కొలతలో 20 మిల్లీసెకన్ల తప్పు దొర్లిందనుకుందాం. గంట తర్వాతే కొలిస్తే అది 5.6 పీపీఎం తప్పవుతుంది, 24 గంటలాగితే 0.23కి దిగుతుంది. ఖరీదైన పరికరాల కంటే ఓపికే ఇక్కడ ఎక్కువ పనిచేస్తుంది. ఈలోగా ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లోకి పోనివ్వకండి, లేవగానే సిస్టమ్ టైములో ఆర్‌టీసీ (మదర్‌బోర్డు మీద బ్యాటరీతో నడిచే వేరే గడియారం) లెక్క కలిసిపోతుంది. రెండుసార్లూ ఒకే సర్వర్‌ను అడగండి. భారత ప్రామాణిక కాలాన్ని చూసే ఢిల్లీలోని ఎన్‌పీఎల్‌కు (నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ) సొంత ఎన్‌టీపీ సర్వర్లున్నాయి, అవి సరిపోతాయి.

మొదట తేడా 0.10, మర్నాడు అదే వేళకు 2.26 అనుకోండి. గడియారం రోజుకు 2.16 సెకన్లు వెనకబడుతోంది. 2.16ను 0.0864తో భాగిస్తే 25 పీపీఎం. కెర్నల్ (లైనక్స్‌లోని మూల ప్రోగ్రామ్) లెక్కలో 1 పీపీఎం అంటే 65,536, కాబట్టి అడ్జ్‌టైమెక్స్‌కు ఇవ్వాల్సిన ఫ్రీక్వెన్సీ 16,38,400. కామాలు లేకుండా టైప్ చేయాలి. గడియారం ముందుకు పోతుంటే ఇదే అంకెకు మైనస్ పెట్టాలి. ఈ పద్ధతి హద్దు 500 పీపీఎం. అది దాటితే టిక్ విలువ (అడ్జ్‌టైమెక్స్‌లోనే ఉండే, ఇంకా పెద్ద సవరణలకు వాడే విలువ) మార్చాలి, అయితే ముందు మీ లెక్క మరోసారి చూసుకోండి.

రీబూట్ చేస్తే ఈ విలువ పోతుంది. అందుకని మెషీన్ ఆన్ అవగానే నడిచే స్క్రిప్టులో ఆ కమాండ్ పెట్టండి. ఇంకో రోజు ఆగి మళ్లీ కొలవండి. మిగిలిన తేడా 1 పీపీఎం లోపు ఉంటే చాలు, గది వేడి మారినా అంతమాత్రం అటూ ఇటూ అవుతుంది.

వచ్చే పాఠం: ఇదే పనిని క్రోనీ డ్రిఫ్ట్ ఫైలుకు (నడకలోని తప్పును క్రోనీ రాసిపెట్టుకునే ఫైలు) అప్పగించడం.