క్రిప్టో యాప్‌కి యూరప్ లైసెన్స్ నిజంగా ఉందా? రిజిస్టర్‌లో చెక్ చేసుకునే పద్ధతి

పోయిన నెల మా పిన్ని కొడుకు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఒక పీడీఎఫ్ పంపాడు, "అన్నా, వీళ్ళకి యూరప్ లైసెన్స్ ఉందంట, రెండు వేల యూరోలు పెడదామనుకుంటున్నా, ఒకసారి చూస్తావా" అని. తెరిచి చూస్తే నీలం జెండా, పన్నెండు నక్షత్రాలు, కింద ఎవరిదో సంతకం, పక్కన గుండ్రంగా "ఎస్మా లైసెన్స్ పొందినది" అని ముద్ర. వాళ్ళ వెబ్‌సైట్ కూడా తెరవకుండానే ఫేక్ అని చెప్పేశా. వాడు నమ్మలేదు, అంత గ్యారంటీగా ఎలా చెప్తావ్ అన్నాడు. ఏముందిరా, ఎస్మా అంటే యూరోపియన్ యూనియన్ మొత్తానికి ఆర్థిక మార్కెట్లని చూసే సంస్థ, అది క్రిప్టో ప్లాట్‌ఫామ్‌లకి లైసెన్సే ఇవ్వదు, ఇచ్చేది ఆ దేశం రెగ్యులేటర్, ఎస్మా చేసేది అందరి దగ్గర్నుంచి వివరాలు తీసుకుని ఒకే చోట రిజిస్టర్ పెట్టడం వరకే అని చెప్పా. అప్పుడు వాడికి ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ కూడా రాస్తున్నా, జర్మనీ, ఐర్లాండ్, నెదర్లాండ్స్ లో మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి.

ముందు చట్టం గురించి రెండు ముక్కలు. యూరోపియన్ యూనియన్ క్రిప్టో కోసం 2023 లో ఒక చట్టం తెచ్చింది, అందరూ మైకా (MiCA) అంటారు. స్టేబుల్‌కాయిన్ల (యూరో, డాలర్ లాంటివాటికి విలువ ముడిపెట్టిన కాయిన్లు) రూల్స్ 2024 జూన్ 30 నుంచి, ఎక్స్ఛేంజ్‌లు, వాలెట్ కంపెనీల రూల్స్ 2024 డిసెంబర్ 30 నుంచి అమల్లోకి వచ్చాయి. ఒక దేశంలో లైసెన్స్ తీసుకుంటే మిగతా ఈయూ దేశాల్లో కూడా సర్వీస్ ఇవ్వొచ్చు, దాన్ని పాస్‌పోర్టింగ్ అంటారు. అందుకే మాల్టాలో లైసెన్స్ తీసుకున్న కంపెనీ మ్యూనిక్‌లో ఉన్న మనకి ఖాతా తెరుస్తుంది, అందులో తప్పేమీ లేదు. రెగ్యులేటర్ పేర్లు మాత్రం దేశానికొకటి, జర్మనీలో బాఫిన్, ఫ్రాన్స్‌లో ఏఎంఎఫ్, నెదర్లాండ్స్‌లో ఏఎఫ్ఎం, ఆస్ట్రియాలో ఎఫ్ఎంఏ, మాల్టాలో ఎంఎఫ్ఎస్ఏ, లక్సెంబర్గ్‌లో సీఎస్ఎస్ఎఫ్, ఐర్లాండ్‌లో అయితే అక్కడి సెంట్రల్ బ్యాంకే.

ఇక పని మొదలుపెట్టేది రిజిస్టర్ దగ్గర కాదు, ప్లాట్‌ఫామ్ దగ్గరే, అదీ హోమ్ పేజీలో కాదు. లైసెన్స్ అనేది బ్రాండ్ పేరుకి రాదు, కంపెనీకి వస్తుంది. కాబట్టి ముందు ఆ కంపెనీ అసలు పేరు పట్టుకోవాలి. టర్మ్స్ అండ్ కండిషన్స్ మొదటి పేరాలోనే "ఈ ఒప్పందం మీకూ ఫలానా కంపెనీకీ మధ్య" అని ఉంటుంది, చివర జీఎంబీహెచ్ అనో లిమిటెడ్ అనో బీవీ అనో తోక ఉంటుంది చూడండి, అదీ మనకి కావాల్సింది. జర్మన్ సైట్ అయితే ఇంకా ఈజీ, కింద ఇంప్రెసుమ్ అనే పేజీ పెట్టడం అక్కడ చట్టప్రకారం తప్పనిసరి, కంపెనీ పేరు, అడ్రస్, రిజిస్ట్రేషన్ నంబర్ అన్నీ అందులోనే ఉంటాయి. సైట్ అంతా వెతికినా కంపెనీ పేరే దొరకకపోతే ఇక రిజిస్టర్ దాకా పోవక్కర్లేదు, అక్కడే ఆపెయ్యండి.

ఈ పేరు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఉదాహరణకి బైబిట్. 2025 లో ఆస్ట్రియా ఎఫ్ఎంఏ దగ్గర లైసెన్స్ వచ్చింది వియన్నాలో ఉన్న బైబిట్ ఈయూ అనే కంపెనీకి, దాని సైట్ డాట్ ఈయూ తో ఉంటుంది. ప్రపంచమంతా వాడే డాట్ కామ్ సైట్ వేరే, ఆ లైసెన్స్ దానికి వర్తించదు. రెండింటి మీదా అదే లోగో. మీరు ఏ కంపెనీతో ఒప్పందం చేసుకుంటున్నారో దానికే లైసెన్స్ ఉండాలి, వాళ్ళ అన్నదమ్ములకి ఉంటే మనకేం లాభం.

ఇప్పుడు రిజిస్టర్. ప్లాట్‌ఫామ్ వాళ్ళు ఇచ్చిన లింక్ నొక్కి మాత్రం వెళ్ళకండి, అచ్చం ఒరిజినల్‌లా ఉండే దొంగ రిజిస్టర్ పేజీ చేసిపెట్టడం పెద్ద కష్టం కాదు. బ్రౌజర్‌లో మీరే ఎస్మా డాట్ యూరోపా డాట్ ఈయూ (esma.europa.eu) అని టైప్ చేసి, మైకా పేజీకి వెళ్తే అక్కడ ఇంటెరిమ్ రిజిస్టర్ అని ఐదు సీఎస్వీ ఫైళ్ళు (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికలు) పెట్టి ఉంచారు, లాగిన్ లేదు, ఫీజు లేదు. ఒకటి లైసెన్స్ ఉన్న సర్వీస్ కంపెనీలది, రెండు స్టేబుల్‌కాయిన్ జారీదారులవి, ఒకటి మామూలు టోకెన్ల వైట్ పేపర్లది (టోకెన్ గురించి కంపెనీయే రాసుకునే వివరాల పత్రం), ఇంకొకటి రూల్స్ పాటించనివాళ్ళు అని రెగ్యులేటర్లు తేల్చిన కంపెనీలది. మనకి మొదటిది కావాలి, చివరిది కూడా దించుకోండి, మీ కంపెనీ పేరు అందులో ఉందేమో చూడ్డానికి.

జర్మనీలో ఆఫీస్ లాప్‌టాప్‌లో ఫైల్ తెరిస్తే అన్నీ ఒకే కాలమ్‌లో కుప్పపోసినట్టు కనిపించొచ్చు, ఫైల్ పాడవలేదు, జర్మన్ సెట్టింగ్ ఉన్న ఎక్సెల్ కామాని కాలమ్ గీతగా తీసుకోదు అంతే, గూగుల్ షీట్స్‌లో వేసుకుంటే సరిగ్గా వస్తుంది. తర్వాత కంట్రోల్ ఎఫ్ కొట్టి కంపెనీ పేరుతో ఒకసారి, వెబ్‌సైట్ అడ్రస్‌తో ఒకసారి వెతకండి. బ్రాండ్ పేరుతో మాత్రమే వెతికితే కొన్నిసార్లు దొరకదు, కొన్నిసార్లు ఇంకెవరిదో దొరుకుతుంది.

దొరికిన వరుసని అడ్డంగా చివరిదాకా చదవాలి, పేరు కనిపించగానే హమ్మయ్య అనుకుని ఫైల్ మూసెయ్యకూడదు. లైసెన్స్ మొదలైన తేదీ ఉంటుంది, ముగిసిన తేదీ అని కూడా ఒక కాలమ్ ఉంటుంది, అందులో పాత తేదీ ఉంటే లైసెన్స్ అయిపోయినట్టు. వెబ్‌సైట్ కాలమ్‌లో ఉన్న అడ్రస్, మీ బ్రౌజర్‌లో ఉన్న అడ్రస్ అక్షరం అక్షరం ఒకటే అయ్యుండాలి, మధ్యలో ఒక అడ్డగీత ఎక్కువున్నా అనుమానించాల్సిందే. తర్వాత సర్వీసులు, ఏ నుంచి జే వరకు పది రకాలు. ఏ అంటే మన కాయిన్స్ దాచిపెట్టడం, బీ అంటే ట్రేడింగ్ ప్లాట్‌ఫామ్ నడపడం, సీ అంటే యూరోలకి క్రిప్టో మార్చడం, హెచ్ అంటే సలహా ఇవ్వడం, ఐ అంటే మన డబ్బుని వాళ్ళే మేనేజ్ చెయ్యడం, ఇలా. "మీరు డబ్బు వెయ్యండి, ట్రేడింగ్ మా వాళ్ళు చూసుకుంటారు" అని చెప్పే కంపెనీకి రిజిస్టర్‌లో ఐ లేదంటే, లైసెన్స్ నిజమైనదే అయినా ఆ పని చేసే హక్కు దానికి లేదు. దాని పక్కనే ఏయే దేశాల్లో ఆ సర్వీస్ ఇవ్వొచ్చో కూడా ఉంటుంది, మీరున్న దేశం అందులో ఉందా చూడండి.

ఎల్ఈఐ అని ఇరవై అక్షరాల కోడ్ ఒకటి ఉంటుంది, కంపెనీలకి అది ఆధార్ నంబర్ లాంటిది అనుకోండి. మా వాడి పీడీఎఫ్‌లో కూడా ఉంది, చూడ్డానికి చాలా పద్ధతిగా. దాన్ని కాపీ చేసి ఈ కోడ్‌ల వ్యవస్థని చూసే గ్లైఫ్ (GLEIF) అనే సంస్థ సైట్‌లో వేసి చూశాం, ఎవరైనా ఫ్రీగా వెతుక్కోవచ్చు. కోడ్ నిజమైనదే, కానీ అది వేరే పేరుతో ఉన్న వేరే కంపెనీది, క్రిప్టోకీ దానికీ సంబంధమే లేదు. ఎవరిదో నంబర్ ఎత్తుకొచ్చి అతికించారు. అప్పటిదాకా నా మాట నమ్మనివాడు ఇది చూశాక మాత్రం కాసేపు ఏం మాట్లాడలేదు.

ఎస్మా ఫైల్ వారానికోసారి అప్‌డేట్ అవుతుంది, కాబట్టి కొత్తగా లైసెన్స్ వచ్చిందని ఎవరైనా చెప్తే ఆ దేశం రెగ్యులేటర్ సొంత రిజిస్టర్‌లో కూడా చూడండి, బాఫిన్‌కి కంపెనీల డేటాబేస్ ఉంది, ఏఎంఎఫ్ తెల్ల జాబితా, నల్ల జాబితా రెండూ పెడుతుంది. రెండు చోట్లా ఒకటే సమాచారం ఉంటే మంచిది.

మోసం ఎక్కువ జరిగేది పూర్తి అబద్ధమూ కాని, పూర్తి నిజమూ కాని కేసుల్లో. మొదటిది "మా టోకెన్ ఎస్మా రిజిస్టర్‌లో ఉంది" అనడం. అబద్ధం కాకపోవచ్చు, వైట్ పేపర్ల ఫైల్‌లో ఉండొచ్చు. కానీ మామూలు టోకెన్ వైట్ పేపర్‌ని రెగ్యులేటర్ ఆమోదించడు, కంపెనీ పంపిస్తుంది, జాబితాలో చేరుతుంది, అంతే. దీన్ని ఏ అధికార సంస్థా ఆమోదించలేదు అని ఆ వైట్ పేపర్ మొదట్లోనే రాసి తీరాలని మైకాలోనే ఉంది. దాన్ని చూపించి లైసెన్స్ అంటే, పెళ్ళి పత్రిక చూపించి పెళ్ళైపోయింది అన్నట్టే. రెండోది పాత రిజిస్ట్రేషన్లు. మైకాకి ముందు ఎస్టోనియా, లిథువేనియా లాంటి చోట్ల మనీ లాండరింగ్ రూల్స్ కింద రిజిస్టర్ చేసుకున్న కంపెనీలు బోలెడు, ఆ సర్టిఫికెట్‌నే ఇంకా యూరప్ లైసెన్స్ అని చూపిస్తుంటారు. పాత కంపెనీలకి కొంతకాలం వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే, నెదర్లాండ్స్ ఆరు నెలలు ఇస్తే ఫ్రాన్స్ పద్దెనిమిది నెలలు ఇచ్చింది, కానీ ఎక్కడైనా సరే 2026 జూలై 1 ఆఖరి గడువు, ఆ తర్వాత ఆ మాట చెల్లదు. మూడోది సైన్ అప్ చేసేటప్పుడు "నేను నా అంతట నేనే ఈ కంపెనీ దగ్గరికి వచ్చాను" అని టిక్ పెట్టమనడం. ఈయూ బయటి కంపెనీ దగ్గరికి కస్టమర్ తనంతట తాను వెళ్తే లైసెన్స్ అక్కర్లేదు అని చట్టంలో చిన్న సందు ఉంది, దానికోసం ఆ టిక్. యూట్యూబ్ యాడ్ చూసో టెలిగ్రామ్ గ్రూప్‌లో ఎవరో లాగితేనో వెళ్ళినవాళ్ళతో కూడా అదే టిక్ పెట్టిస్తారు.

ఇంకో చిన్న గుర్తు చెప్తా. డాలర్‌కి ముడిపెట్టిన టెథర్ అనే స్టేబుల్‌కాయిన్‌కి మైకా కింద అనుమతి లేదు, అందుకే పెద్ద ఎక్స్ఛేంజ్‌లు 2025 మార్చ్ చివరికల్లా యూరప్ కస్టమర్లకి దాని ట్రేడింగ్ ఆపేశాయి. అలాంటప్పుడు మైకా లైసెన్స్ ఉందని చెప్తూనే "టెథర్‌లో మాత్రమే డిపాజిట్ చెయ్యండి" అనేవాడిని నేనైతే నమ్మను.

లండన్‌లో ఉన్నవాళ్ళకి ఇదేదీ పనికిరాదు, యూకే ఈయూలో లేదు కదా, అక్కడి రెగ్యులేటర్ ఎఫ్‌సీఏ రిజిస్టర్ చూసుకోవాలి, స్విట్జర్లాండ్ అయితే ఫిన్మా. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని వాడేవాళ్ళు కూడా మైకా లైసెన్స్ చూసి మురిసిపోవద్దు, ఇండియాలో సర్వీస్ ఇవ్వాలంటే ఎఫ్ఐయూ ఇండియా (మనీ లాండరింగ్ మీద నిఘా పెట్టే కేంద్ర ప్రభుత్వ సంస్థ) దగ్గర రిజిస్టర్ అవ్వాలి, 2023 డిసెంబర్‌లో తొమ్మిది విదేశీ ప్లాట్‌ఫామ్‌లకి నోటీసులు వెళ్ళింది ఇందుకే.

అన్నీ సరిపోయినా ఒక మాట గుర్తుంచుకోండి, లైసెన్స్ ఉన్న కంపెనీ మన కాయిన్స్‌ని తన సొంత ఆస్తితో కలపకుండా విడిగా ఉంచాలి, కంప్లయింట్ చేస్తే జవాబు చెప్పాలి, కానీ బ్యాంక్ డిపాజిట్‌కి ఉన్నట్టు లక్ష యూరోల గ్యారంటీ క్రిప్టోకి లేదు.

ఎక్కడా దొరకని కంపెనీ అయితే మీరున్న దేశం రెగ్యులేటర్‌కి సైట్ అడ్రస్, స్క్రీన్‌షాట్లు పెట్టి ఒక మెయిల్ పంపండి. డబ్బు ఇప్పటికే పంపేసి ఉంటే ముందు బ్యాంక్‌కి ఫోన్, తర్వాత పోలీస్ కంప్లయింట్, ఈ వరుసలోనే, ఎందుకంటే ట్రాన్స్‌ఫర్ ఆపే ఛాన్స్ ఏమైనా ఉంటే మొదటి కొన్ని గంటల్లోనే. ఆ తర్వాత వారం పది రోజులకి "ఎస్మా నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, ఫీజు కడితే వెనక్కి పంపుతాం" అని కాల్ రావొచ్చు. కట్ చేసి నంబర్ బ్లాక్ చెయ్యండి, ఎస్మా ఎవరికీ అలా ఫోన్ చేసి ఫీజు అడగదు.