అమ్మానాన్నల అమెరికా విజిటర్ వీసా: మారిన రూల్స్, డీఎస్-160 నుంచి ఐ-94 దాకా

పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు కావాల్సింది బీ1/బీ2 అనే విజిటర్ వీసా. 2025 సెప్టెంబరులో దీని విషయంలో రెండు దారులు మూసుకుపోయాయి.

ఒకటి, వయసు మినహాయింపు. ఇదివరకు 14 ఏళ్ల లోపు పిల్లలకు, 79 దాటిన పెద్దలకు మామూలుగా ఇంటర్వ్యూ ఉండేది కాదు. సెప్టెంబరు 2 నుంచి అది పోయింది. కొత్తగా వీసా అడిగే ఎనభై రెండేళ్ల నాయనమ్మయినా కాన్సులేట్‌కు రావాల్సిందే. డ్రాప్‌బాక్స్, అంటే ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు ఇచ్చి వీసా రెన్యూ చేసుకునే వీలు, మాత్రం కొందరికి మిగిలింది: పాత బీ1/బీ2 పూర్తి కాలానికి ఇచ్చినదై ఉండాలి, అది ఇచ్చేనాటికి 18 ఏళ్లు నిండి ఉండాలి, గడువు తీరి 12 నెలలు దాటకూడదు. అయినా అధికారి ఇంటర్వ్యూకు పిలవొచ్చు. మన వాళ్లకు సాధారణంగా ఇచ్చేది పదేళ్ల వీసా కాబట్టి, 2015, 2016ల్లో తీసుకున్నవాళ్లు గడువు తేదీని ఇవాళే చూసుకోండి. ఆ 12 నెలలు దాటితే మళ్లీ ఇంటర్వ్యూ స్లాటు కోసం ఎదురుచూడాలి.

రెండోది, వేరే దేశంలో స్లాటు. ఇక్కడ దొరకలేదని దుబాయికో బ్యాంకాక్‌కో వెళ్లి ఇంటర్వ్యూ ఇచ్చే పద్ధతి ఇక కుదరదు. సెప్టెంబరు 6 నుంచి సొంత దేశంలో గానీ, నివాసం ఉంటున్న దేశంలో గానీ అప్లై చేయాలి. మన దేశంలో మాత్రం హైదరాబాద్‌లోనే అన్న నిబంధన లేదు. చెన్నై, ముంబయి, ఢిల్లీ, కోల్‌కతాల్లో ఎక్కడ స్లాటు దొరికినా తీసుకోవచ్చు. అయితే ఇంగ్లిషు రాని పెద్దవాళ్లకు తెలుగులో మాట్లాడే వీలున్న హైదరాబాదే మేలు.

అసలు పని డీఎస్-160 దగ్గరుంది, అంటే ఆన్‌లైన్‌లో నింపే వీసా దరఖాస్తు ఫారం. చాలా ఇళ్లలో దీన్ని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు రాత్రి కూర్చుని నింపేస్తాడు. అందులో ఏముందో నాన్నకు తెలియదు. కౌంటర్ దగ్గర అధికారి ఎదుట ఉండేది ఆ ఫారమే. చెప్పే జవాబు దానితో కలవకపోతే అనుమానం వస్తుంది. కాబట్టి సబ్మిట్ నొక్కకముందే ఫోన్లో ఒక్కో జవాబూ వాళ్లకు చదివి వినిపించండి.

పేరు అచ్చం పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి పేరంతా గివెన్ నేమ్‌లో ఉన్న పాస్‌పోర్టులు మన వైపు చాలానే ఉన్నాయి. అలాంటప్పుడు ఆ పేరు మొత్తం సర్‌నేమ్‌లో రాసి, గివెన్ నేమ్‌లో ఎఫ్‌ఎన్‌యూ (FNU, మొదటి పేరు తెలియదు అని) పెట్టాలి. ఇంటిపేరును సొంతంగా చేర్చకండి. క్లాన్ లేదా ట్రైబ్ అన్న ప్రశ్న చూసి కొందరు కులం రాస్తారు. అది అడగడం లేదు, నో అనండి. పిల్లలకు సిటిజన్‌షిప్ వచ్చి తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు కోసం ఐ-130 పిటిషన్ వేసి ఉంటే, ఇమిగ్రెంట్ పిటిషన్ ప్రశ్నకు యెస్ అనే చెప్పాలి. గతంలో వీసా తిరస్కరించినా, ఎన్నేళ్లయినా సరే, చెప్పాలి. దాచింది దొరికితే అబద్ధం కిందికి వస్తుంది, అది జీవితాంతం వెంటాడే చిక్కు. ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలూ అడుగుతారు. అమ్మ ఫేస్‌బుక్ ఖాతా మర్చిపోకండి. 20 నిమిషాలు కదలిక లేకపోతే సైటు మూసుకుపోతుంది, పేజీ పేజీకీ సేవ్ చేస్తూ వెళ్లండి.

ఫొటో 2 అంగుళాలు × 2 అంగుళాలు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, ఆరు నెలల్లోపు తీసినది, కళ్లజోడు లేకుండా. ఫీజు 185 డాలర్లు, తిరిగి రాదు. డీఎస్-160లో తప్పు కనిపించి కొత్తది నింపితే, అపాయింట్‌మెంట్ ప్రొఫైల్లో కూడా కొత్త బార్‌కోడ్ నంబరు మార్చాలి. రెండూ కలవకపోతే వెనక్కి పంపేస్తారు. తేదీని ఉచితంగా ఒక్కసారే మార్చుకోవచ్చు, రెండోసారికి మళ్లీ ఫీజు కట్టాలి. ఇది 2025 జనవరి 1 నుంచి ఉన్న నిబంధన.

వేలిముద్రలు, ఫొటో వీఏసీ (వీసా అప్లికేషన్ సెంటర్)లో ఇచ్చాక ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఉంటుంది. ఫోన్లు లోపలికి రానివ్వరు. ఆహ్వాన పత్రం తప్పనిసరి కాదు, ఫైళ్లు చాలాసార్లు తెరవనే తెరవరు. ఎందుకు వెళ్తున్నారు, ఎన్నాళ్లుంటారు, పిల్లలు ఏం చేస్తారు, ఖర్చు ఎవరిది: వీటికి సూటిగా, నిజంగా చెబితే చాలు. కూతురి కాన్పుకు వెళ్తుంటే ఆ మాటే చెప్పండి. తిరిగి వస్తారన్న నమ్మకం కలగలేదని 214(బీ) సెక్షన్ కింద తిరస్కరిస్తే అప్పీలు లేదు. పరిస్థితిలో ఏమీ మారకుండా వెంటనే మళ్లీ వెళ్తే జవాబూ సాధారణంగా మారదు.

వీసా మీది తేదీ అమెరికాలో ఉండగలిగే గడువు కాదు. ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. ఎయిర్‌పోర్టులో అధికారి ఇచ్చే ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) మీది తేదీయే గడువు. మామూలుగా ఆరు నెలలు, తక్కువా ఇవ్వొచ్చు. దిగిన రోజే సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు విభాగం) సైట్లో ఐ-94 తీసి పేరు, పాస్‌పోర్టు నంబరు, బీ2 అన్న క్లాసు, గడువు సరిచూడండి. తప్పుంటే దగ్గరలోని సీబీపీ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో సరిదిద్దుతారు.

ఇంకా ఉండాల్సి వస్తే గడువు తీరకముందే, వీలైతే 45 రోజుల ముందు, గడువు పొడిగించమని అడిగే ఐ-539 దరఖాస్తు వేయాలి. ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితం మీదైతే 470. ఆపరేషన్ లాంటి కారణానికి డాక్టర్ ఉత్తరం జతచేయండి. ఏమీ వేయకుండా గడువు దాటి ఉంటే ఆ వీసా రద్దవుతుంది. 180 రోజులు మించి ఉండి వెళ్లిపోతే మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించితే పదేళ్లు మళ్లీ రానివ్వరు. ఐ-539 రసీదు, తిరుగు ప్రయాణం బోర్డింగ్ పాసు పాత పాస్‌పోర్టుతో కలిపి దాచండి, తర్వాతి వీసాకు అడగొచ్చు.