లైనక్స్‌లో సిస్టమ్ పేరు మార్చినా నెట్‌వర్క్‌లో పాత పేరే వస్తుంటే – నా అనుభవం

కావలిలో మా డీటీపీ షాపులో సిస్టమ్స్ అన్నీ ఒకే డిస్క్ నుంచి క్లోన్ చేసినవి, అందుకని నెట్‌వర్క్‌లో అన్నిటికీ ఒకటే పేరు, ప్రింటర్ ఉన్న సిస్టమ్‌కి పంపిన ఫైల్ ఇంకోదానికి పోతా ఉండింది. రీస్టార్టులు, రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయడం, సెట్టింగ్స్‌లో పేరు మార్చడం, ఏదీ పూర్తిగా పనిచేయలా.

పనిచేసింది ఇదీ. ముందు టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) సుడో హోస్ట్‌నేమ్‌సీటీఎల్ సెట్-హోస్ట్‌నేమ్ అని కొట్టి (సుడో అంటే అడ్మిన్ హక్కుతో నడపమని, హోస్ట్‌నేమ్ అంటే సిస్టమ్ పేరు), పక్కన కొత్త పేరు ఇవ్వాలి (ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, హైఫన్ చాలు, అండర్‌స్కోర్ వద్దు). తర్వాత ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే హోస్ట్స్ ఫైల్‌ని సుడో నానోతో (నానో అంటే టెర్మినల్‌లోనే ఫైల్ ఎడిట్ చేసే ప్రోగ్రామ్) తెరవండి, అందులో 127.0.1.1 లైన్లో ఇంకా పాత పేరే ఉంటది, అది తీసేసి కొత్తది రాయండి. అందరూ వదిలేసేది ఈ లైనే, మార్చకపోతే సుడో కొట్టినప్పుడల్లా 'అనేబుల్ టు రిసాల్వ్ హోస్ట్' (ఈ పేరు సిస్టమ్ దొరకలేదు) అని రావచ్చు. పైనున్న 127.0.0.1 లోకల్‌హోస్ట్ లైన్ జోలికి మాత్రం పోవద్దు. ఆఖర్న అవాహీ-డీమన్ సర్వీస్ (సిస్టమ్ పేరుని లోకల్ నెట్‌వర్క్‌లో మిగతావాటికి చెప్పేది) రీస్టార్ట్ చేసి, నెట్‌వర్క్ ఒకసారి డిస్‌కనెక్ట్ చేసి మళ్ళీ కలపండి, రౌటర్‌కి కొత్త పేరు అప్పుడే అందుతుంది.

మాది ఉబుంటు 22.04 డెస్క్‌టాప్, అన్నిట్లో ఇంతే అని చెప్పలేను. సర్వర్లో క్లౌడ్-ఇనిట్ (బూట్ అయ్యేటప్పుడు సెట్టింగ్స్ తానే పెట్టే ప్రోగ్రామ్) ఉంటే రీస్టార్ట్ తర్వాత పాత పేరు మళ్ళీ రావచ్చు, అట్లయితే దాని కాన్ఫిగ్ ఫైల్లో ప్రిజర్వ్ హోస్ట్‌నేమ్‌ని ట్రూ చేసి చూడండి.