కుర్చీ బొమ్మలను కంప్యూటర్‌తో దిద్దించే ముందు

- సైక్లోహెక్సేన్ అంటే ఆరు కార్బన్ల రింగ్, పిల్లలు దాన్ని కుర్చీ ఆకారంలో గీస్తారు. ఆ బొమ్మను స్మైల్స్ కోడ్‌గా (అణువును అక్షరాల వరుసగా రాసే పద్ధతి) మార్చి సరైన జవాబుతో పోల్చకండి. ఏది దేనికి అతుక్కుందో, సిస్సో (రెండు గుంపులూ రింగ్‌కు ఒకే వైపు) ట్రాన్సో (ఎదురు వైపులు) అందులో ఉంటుంది. కుర్చీ రూపం ఉండదు. రింగ్‌కు అతికిన మిథైల్ గుంపును ఆక్సియల్‌గా (నిలువుగా) గీసినా, ఈక్వటోరియల్‌గా (రింగ్ పక్కకు) గీసినా కోడ్ ఒకటే! పరమాణువుల స్థానాలు, గీతల కోణాలే చూడాలి.
- కుర్చీ ఎటు వాలినా ఒప్పే. రెండూ కీలో (సరైన జవాబుల జాబితాలో) పెట్టండి.
- ఆక్సియల్ గీత నిటారుగా ఉండాలి, నిజమే. కానీ చేత్తో గీస్తే కాస్త పక్కకు పోతుంది. దానికి మార్కులు కోస్తే అన్యాయం. పైకా, కిందికా అన్నది మాత్రం గట్టిగా చూడండి. రింగ్ ఫ్లిప్‌లో (ఒక కుర్చీ రెండో కుర్చీగా మారినప్పుడు) ఆక్సియల్ ఈక్వటోరియల్ అవుతుంది, పైకి ఉన్నది పైకే ఉంటుంది. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.
- పాత జవాబులు కొన్ని మీరే దిద్ది, కంప్యూటర్ మార్కులతో సరిచూడండి.
- అర్థంకాని బొమ్మకు సున్నా వేయనివ్వకండి. టీచర్ దగ్గరికి రావాలి.