చిన్నకథలోని అంశాలను గుర్తించడం ఎలా?

నేపథ్యం, పాత్ర, సంఘర్షణ, దృష్టికోణం, కథావస్తువు అనే మాటలు ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలకు ఎక్కువగా పరీక్షలో రాయవలసిన నిర్వచనాలుగానే పరిచయమవుతాయి. వాటిని కంఠస్థం చేసినంత మాత్రాన కథ అర్థం కాదు. ఒక్కొక్క అంశాన్ని మనసులో మార్చి చూసి, తక్కిన కథ నిలబడుతుందో లేదో గమనించడం అంతకంటే మేలైన పద్ధతి.

విశాఖపట్నంలోని పెదజాలరిపేటలో జరిగే ఒక కథను ఊహించుకోండి. ఎనిమిదో తరగతి చదివే ఎల్లాజీ తండ్రి మరబోటులో కళాసీ. మే నెలలో వేట లేక ఇల్లు గడవకపోవడంతో, ఒడ్డున పడి ఉన్న తాత తెప్పను అమ్మేయాలని ఆయన నిర్ణయిస్తాడు. తాత మాత్రం రోజూ సాయంత్రం వెళ్లి దాని తాళ్లు బిగించి వస్తుంటాడు. కొనేవాడు రావలసిన రోజు తెల్లవారుజామున తండ్రే తాతను వెంటబెట్టుకొని ఆ తెప్ప మీద వేటకు బయలుదేరుతాడు.

ముందుగా సంఘర్షణను వెతకండి. ఎవరికి ఏం కావాలి, దానికి ఏది అడ్డుపడుతోంది అన్న రెండు ప్రశ్నలు చాలు. తండ్రికి డబ్బు కావాలి, తాతకు తెప్ప కావాలి. ఇది మనుషుల మధ్య పైకి కనిపించే సంఘర్షణ. తన తండ్రి వస్తువును అమ్మడానికి మనసొప్పక ఆయన లోలోపల పడే బాధ రెండవది.

నేపథ్యం అంటే ఊరి పేరు రాసి ఊరుకునే విద్యార్థులే ఎక్కువ. ఈ కథలో ఊరికన్నా నెల ముఖ్యం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్ల వేటను ప్రభుత్వం నిషేధిస్తుంది. ఇంజను లేని సంప్రదాయ తెప్పలకు ఆ నిషేధం వర్తించదు. ఇప్పుడు ఇదే కథను అక్టోబరుకు మార్చి చూడండి. తండ్రి ఫిషింగ్ హార్బర్ నుంచి మామూలుగానే వేటకు వెళతాడు, ఇంట్లో డబ్బుకు ఇబ్బంది ఉండదు, తెప్ప జోలికి ఎవరూ పోరు. కాలం మారగానే కథే లేకుండా పోయిందంటే, సంఘర్షణను పుట్టించింది నేపథ్యమేనని తేలుతుంది.

పాత్ర స్వభావాన్ని రచయిత విశేషణాలతో చెప్పనవసరం లేదు. తాతకు ఇంకా ఆశ చావలేదని తాళ్లు బిగించే పనే చెబుతుంది. "ఈ దుంగలు పొయ్యిలోకి తప్ప ఇంకెందుకూ పనికిరావు" అని తండ్రి అన్నాడనుకుంటే, చివర ఆయనే ఆ దుంగల మీద నిలబడటం వల్ల మారిన పాత్ర ఎవరో స్పష్టమవుతుంది.

దృష్టికోణం కొంచెం కష్టమైన అంశం కాబట్టి దానికి ఎక్కువ సమయం ఇవ్వండి. ఎల్లాజీ "నేను" అంటూ చెబితే, నాన్న ఏం చేయబోతున్నాడో అతనికీ తెలియదు కాబట్టి పాఠకుడికీ ఉత్కంఠ కలుగుతుంది. అదే కథను తండ్రి చెబితే ఆ ఉత్కంఠ తగ్గి, ఆయన మనోవ్యథ ముందుకు వస్తుంది. ఒక సన్నివేశాన్ని రెండు విధాలుగా అయిదేసి వాక్యాల్లో రాస్తే ఈ తేడా చేతికి అందుతుంది.

కథాక్రమంలో ఎత్తుగడను, మలుపును, ముగింపును గుర్తిస్తే సరిపోతుంది. ఎత్తుగడలో పరిచయాలు ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. 1910లో వెలువడిన గురజాడ అప్పారావు 'దిద్దుబాటు', రాత్రి ఆలస్యంగా వచ్చిన భర్త తలుపు తీయమని పిలవడంతోనే మొదలవుతుంది.

కథావస్తువును చివరకు ఉంచండి. "పెద్దలను గౌరవించాలి" అన్నది నీతి మాత్రమే, ఏ కథకైనా అంటించవచ్చు. "పనికిరాదనుకున్న పాత విద్య కష్టకాలంలో ఒక ఇంటిని ఆదుకుంది" అన్నది ఈ కథకే చెందిన వాక్యం. మీరు రాసిన వాక్యానికి కథలోంచి కనీసం రెండు సంఘటనలు ఆధారంగా చూపగలగాలి. ఒక్కటే దొరికితే వాక్యాన్ని మార్చి రాయండి.